ఒక్కడి కూత మీద ఊరి ఆట

పోయిన సంక్రాంతికి మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో ఒక ఊళ్లో కబడ్డీ ఫైనల్ జరిగింది. ఊరి పేరు ఇక్కడ అనవసరం. ఈ పక్క ఏ ఊరి పేరు పెట్టినా కథ మారదు. ఎర్రమట్టిని దున్ని, గడ్డలు చితక్కొట్టి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసిన బరి. నాలుగు మూలలా గుంజలకు కట్టిన లైట్లు. ట్రాక్టర్ ట్రక్కే వేదిక. దాని మీద మైకు, కప్పులు, వెనక బహుమతి దాతల ఫొటోలున్న ఫ్లెక్సీ. జట్టులో ఆరుగురు ఆ ఊరి కుర్రాళ్లు. ఏడోవాడు బయటి ప్లేయర్, రెండు రాత్రులకు ఇంత అని మాట్లాడుకుని తెచ్చుకున్న రైడర్. ఫైనల్ దాకా జట్టును లాక్కొచ్చింది అతనే. కూత అతనిదే, బోనస్ అతనిదే, చావో రేవో తేల్చే మూడో కూతా అతనిదే.

ఫైనల్లో మొదటి సగం ఇంకా అయిపోలేదు. ఎదుటి జట్టు కార్నర్ కుర్రాడు అతని చీలమండ దొరకబుచ్చుకున్నాడు, ఇద్దరు మీద పడ్డారు, కుడి మోకాలు పక్కకు మెలితిరిగింది. చంకల కింద చేతులేసి ఎత్తుకెళ్లి ట్రక్కు పక్కన కూర్చోబెట్టారు. కూల్‌డ్రింక్ షాపు నుంచి ఐసు ముక్కలు తెచ్చి తువ్వాల్లో చుట్టి మోకాలికి కట్టారు. బదులు ఇంకో కుర్రాడు దిగాడు. కూతకు వెళ్లాల్సిన వంతు వచ్చింది. ఎవరూ కదల్లేదు.

"రేయ్, నువ్వు పోరా" అన్నాడు కెప్టెన్.

"నాకు దమ్ము ఆగదన్నా. వాణ్ణి పంపు."

రిఫరీ ఈల వేశాడు. చివరికి ఒకడు నడిమి గీత దాటి రెండడుగులు వేశాడు, ఎవర్నీ తాకకుండానే వెనక్కి వచ్చేశాడు. ఆట ముగిసేలోపు జట్టు రెండుసార్లు ఆలౌట్ అయింది.

ఆ కుర్రాళ్లు ఆట రానివాళ్లు కారు. మూడేళ్ల కిందట ఇదే బరిలో వాళ్లలో ముగ్గురు వంతులేసుకుని కూతకు వెళ్లేవాళ్లు. ఒకడికి ఎడమ పక్క నుంచి కాలు చాపి తాకడం వచ్చు. ఇంకొకడు బోనస్ గీత దగ్గర ఆశ చూపించి, పట్టబోయినవాడి చెయ్యి తాకి వచ్చేవాడు. మూడోవాడికి పెద్ద పనితనం లేదు గానీ గుండెధైర్యం ఉంది, అందుకని కష్టమైన కూత వాడికే ఇచ్చేవాళ్లు. బయటి రైడర్‌ను తెచ్చిన మొదటి ఏడాది వీళ్ల కూతలు సగమయ్యాయి. రెండో ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మూడో ఏడాది అవీ లేవు. పట్టుకోవడం, అతను ఔటైతే మళ్లీ లోపలికి వచ్చేదాకా కాలం గడపడం, ఇదే వాళ్ల ఆటైపోయింది.

ఆ రాత్రి మాకు భయమేసింది. స్టార్‌ను కొనుక్కుని వాడి చుట్టూ జట్టును అల్లుకునే అలవాటు పెద్ద లీగుల నుంచి మన తిరునాళ్ల బరి దాకా దిగింది. పెద్ద లీగుల్లో ఆ అలవాటు ఏం చేసిందో అంకెలతో సహా మన కళ్లముందే ఉంది. అది చూసి కూడా జాగ్రత్త పడకపోతే, ఇంకో ఐదారేళ్లకు పశ్చిమ ప్రకాశంలో కబడ్డీ చూసే జనం ఉంటారు గానీ కూతకు వెళ్లే కుర్రాడు ఉండడు.

ముందు మన పేరు పెట్టుకున్న జట్టునే చూద్దాం. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైన నాటి నుంచి ఆరు సీజన్ల పాటు తెలుగు టైటాన్స్ అంటే రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన ఆ కుర్రాడి కూత కోసం మన ఊళ్లలో టీవీల ముందు జనం గుమిగూడేవారు. అతని ఆటతో జట్టు 2015లో మూడో స్థానానికి, 2016లో సెమీఫైనల్‌కు వెళ్లింది. 2018 వేలంలో 1.29 కోట్ల రూపాయలు పెట్టి అతన్ని అట్టిపెట్టుకున్నారు. మరుసటి ఏడాది వదులుకున్నారు. తమిళ్ తలైవాస్ 94 లక్షలకు తీసుకుంది.

స్టార్ వెళ్లిపోయినప్పుడు జట్టు ముందు రెండు దారులుంటాయి. ఆట తీరు మార్చుకుని కూతల భారం నలుగురికి పంచడం ఒకటి. ఖాళీ అయిన చొక్కాలో ఇంకొకణ్ణి దూర్చి పాత ఆటే ఆడటం రెండోది. టైటాన్స్ రెండో దారి పట్టింది. కొల్హాపూర్ ప్రాంతపు సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు కొన్నది. దేశాయ్ తన పని తాను చేశాడు, ఆ సీజన్లో రైడ్ పాయింట్లు 200 దాటించాడు. జట్టు మాత్రం 12 జట్లలో 11వ స్థానంలో ఆగింది. తర్వాతి సీజన్ 2021 డిసెంబరులో బెంగళూరులో మొదలైంది. మొదట్లోనే దేశాయ్ గాయపడ్డాడు. ఆ సీజన్ మొత్తంలో, 22 ఆటల్లో, టైటాన్స్ గెలిచింది ఒక్కటే ఒక్కటి. మన సంక్రాంతి ఫైనల్లో ఆ ఆరుగురు కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నట్టే, ఆ సీజన్ పొడుగునా ఒక వృత్తి జట్టు చూసుకుంది.

అయినా గుణపాఠం తలకెక్కలేదు. 2022లో గెలుపులు రెండు, ఆఖరి స్థానం. 2023 సీజన్ వేలంలో పవన్ సెహ్రావత్ కోసం 2 కోట్ల 60 లక్షల 50 వేలు పాడారు. జట్టు మొత్తానికి ఉన్న సొమ్ము 5 కోట్లు. అంటే ఒక్కడికే సగానికి పైగా పోయింది. పవన్ కష్టపడ్డాడు, అతనూ 200 పైన రైడ్ పాయింట్లు తెచ్చాడు. టైటాన్స్ మళ్లీ రెండే గెలిచి, వరసగా మూడోసారి అట్టడుగున నిలిచింది.

ఈ అంకెలు చూసి రాహుల్‌నో, దేశాయ్‌నో, పవన్‌నో తప్పుపట్టేవాళ్లుంటే అన్యాయం. కబడ్డీ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు సంగతి అర్థమవుతుంది. రైడర్ ఔటైతే బయట కూర్చుంటాడు. మిగిలినవాళ్లు ఎదుటివాళ్లలో ఒకణ్ణి ఔట్ చేస్తేనే మళ్లీ లోపలికి వస్తాడు. జట్టంతా ఒక్కడి మీదే ఉన్నదని ఎదుటివాళ్లకు తెలిస్తే వాళ్ల పని సులువు: అతనొక్కణ్ణి పడగొట్టి, తర్వాత తొందరపడకుండా ఉంటే చాలు. మిగతా రైడర్లు భయంతో గీత దాటి చేతులూపుకుంటూ వెనక్కి వస్తారు. రెండు కూతలు అలా ఖాళీగా పోతే మూడోది చావో రేవో. అలవాటు లేనివాడు ఆ కూతకు వెళ్లి దొరికిపోతాడు. బరిలో మనుషులు తగ్గేకొద్దీ స్టార్ తిరిగి వచ్చేలోపే ఆలౌట్ దగ్గరకొస్తుంది. ఇక డబ్బు సగం ఒక్కడికే పోయాక మంచి కార్నర్లకు, కవర్లకు ఏం మిగులుతుంది? పట్టు బలహీనపడితే బయట కూర్చున్న స్టార్‌ను లోపలికి తెచ్చే దారీ మూసుకుంటుంది. అతని కూత ఎంత గొప్పదైనా బెంచీ మీద కూర్చుని పెట్టేది కాదు.

2024లో కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. పవన్‌ను 1.725 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. సీజన్ మధ్యలో పవన్ గాయపడితే విజయ్ మలిక్ ముందుకొచ్చాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు అతని వెంట నిలిచారు. ఏడో స్థానంలో ఆగి ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పినా, చాలాకాలం తర్వాత టైటాన్స్ ఒక జట్టులా కనపడింది. 2025లో పవన్‌ను వదిలేశారు. తమిళ్ తలైవాస్ 59.5 లక్షలకు తీసుకుంది. టైటాన్స్ విజయ్ మలిక్‌ను 51.5 లక్షలకు నిలుపుకుంది, భరత్ హుడాను 81 లక్షలకు తెచ్చింది. ఇద్దరూ కూతకూ పట్టుకూ పనికొచ్చేవాళ్లు. ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు అంతకుముందు ఏడాది పవన్ ఒక్కడికి పెట్టినదాని కన్నా తక్కువ. ఆ ఏడాది జట్టు 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ గడప తొక్కి, ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. భరత్ కూడా ఆ సీజన్లో పెద్ద స్టారే అయ్యాడు, దాచాల్సిన పనిలేదు. అతను బయట కూర్చున్నప్పుడు కూతకు లేచేవాడు ఉన్నాడు. ఇన్నేళ్లు టైటాన్స్‌కు లేనిది అదే.

పట్నా పైరేట్స్ కథ ఇంకా కళ్లు తెరిపిస్తుంది. పర్దీప్ నర్వాల్ ఆ జట్టుకు వరసగా మూడు టైటిళ్లు తెచ్చిపెట్టాడు. 2017లో ఒక్క సీజన్లోనే 369 రైడ్ పాయింట్లు. రెండేళ్లు తిరిగేసరికి అదే పర్దీప్ 302 పాయింట్లు తెచ్చినా జట్టు ఎనిమిదో స్థానానికి జారింది. మూడొందలు పైబడి పాయింట్లు, స్థానం ఎనిమిది. ఆ రెండు అంకెలను మన కమిటీల వాళ్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. 2021లో పట్నా అతన్ని వదులుకుంది. యూపీ యోధ 1.65 కోట్లకు కొన్నది. పట్నా పని అయిపోయిందని అందరూ అన్నారు. ఆ సీజన్లో కోచ్ రామ్ మెహర్ సింగ్ కూతలను సచిన్, మోనూ గోయత్, గుమాన్ సింగ్, ప్రశాంత్ రాయ్‌లకు పంచారు. ఆట బరువును పట్టు మీదికి మార్చారు. ఇరాన్ కుర్రాడు మొహమ్మద్‌రెజా షాద్లూయి ఎడమ కార్నర్‌లో నిలబడి రైడర్ల కాళ్లు కట్టేశాడు. లీగ్ దశలో పట్నాది మొదటి స్థానం. ఫైనల్లో దబాంగ్ ఢిల్లీ చేతిలో ఒక్క పాయింటుతో ఓడింది.

2022లో తమిళ్ తలైవాస్‌కు ఇంకో రకంగా అనుభవమైంది. 2.26 కోట్లు పోసి తెచ్చిన పవన్ మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని సీజన్‌కు దూరమయ్యాడు. నరేందర్ అనే కొత్త కుర్రాడు కూతకు లేచాడు, 240 పైన పాయింట్లు తెచ్చాడు. తలైవాస్ మొట్టమొదటిసారి సెమీఫైనల్ ఆడింది. పవన్ ఉంటే నరేందర్‌కు అన్ని కూతలు దక్కేవా?

ఇది కబడ్డీకే పరిమితమైన సంగతి అనుకోనక్కర్లేదు. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట ఒకటుంది. కోడిగుడ్డు ఆకారపు బంతిని క్వార్టర్‌బ్యాక్ చేత్తో విసిరితే, రిసీవర్ పరిగెత్తి అందుకుంటాడు. 2022 మార్చిలో వారం తేడాతో రెండు పెద్ద జట్లు తమ మేటి రిసీవర్లను వేరే జట్లకు ఇచ్చేశాయి. గ్రీన్ బే ప్యాకర్స్ దవాంటే ఆడమ్స్‌ను, కాన్సస్ సిటీ చీఫ్స్ టైరీక్ హిల్‌ను. అంతకుముందు ఏడాది 17 ఆటల్లో 13 గెలిచిన ప్యాకర్స్ ఆడమ్స్ పోయాక 8 గెలిచి చతికిలబడింది. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ బంతిని దూరంగా విసరడం తగ్గించి, దగ్గరి పాసులతో చాలామందికి పంచాడు. హిల్‌కు బదులుగా దక్కిన, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులను జట్టు చాలావరకు కుర్ర డిఫెండర్ల మీద పెట్టింది. 2023లో, 2024లో వరసగా రెండు సూపర్ బౌల్‌లు ఆ జట్టువే. స్టార్‌ను పోగొట్టుకోవడంలో రెండు జట్లూ సమానమే. పోయాక ఎలా ఆడాలో ఒకదానికే తెలిసింది.

ఇంత దూరం ఎందుకు, ఒంగోలు ఎడ్లను సాకిన రైతునడిగితే చెబుతాడు. బండలాగుడు పోటీకి కట్టే జోడీలో ఒక ఎద్దును అమ్మితే రెండోదాని నడక ఆ రోజు నుంచే మారుతుంది. దాపట అలవాటైనదాన్ని వలపట కడితే మెడ పక్కకు లాగుతుంది. కొత్త ఎద్దు ఎంత బలమైనదైనా ఆ రెండూ ఒక్క అడుగు వేయడానికి నెలలు పడుతుంది. జోడీలో ఒక ఎద్దే బలమంతా పెడుతుంటే రెండోది కాడి మోయడం మానేస్తుంది. ఆ సంగతి పోటీ రోజు దాకా బయటపడదు. ఇంత తెలిసిన రైతు తన కొడుకు ఆడే జట్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతున్నాడో మాకు అంతుబట్టదు.

కమిటీల ఇబ్బంది మాకు తెలియక కాదు. వానను నమ్ముకున్న నేల ఇది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తూనే ఒక తరం పెద్దదయింది. కంది, మిరప చేతికి రాని ఏడు కుర్రాళ్లు హైదరాబాద్‌కో బెంగళూరుకో కూలికి పోతారు. పండగకు నాలుగు రోజుల ముందు బస్సు దిగి, సంచి ఇంట్లో పడేసి, నేరుగా బరిలోకి వస్తారు. ఏడాదంతా కలిసి ఆడని కుర్రాళ్లతో జట్టు కట్టడం కష్టం. పక్కూరివాళ్లు బయటి ప్లేయర్‌ను తెచ్చారని తెలిస్తే ఊరి పరువు అడ్డమొస్తుంది. దాత కూడా తన డబ్బుకు కప్పు రావాలంటాడు. ఒక ఊరు తెస్తే ఇంకో ఊరు తేక తప్పదు. ఎవరికి వాళ్లు చేసేది సబబుగానే కనపడుతుంది. అందుకే ఇంత వేగంగా పాకుతోంది.

మార్కాపురం వాళ్లకు ఒక విషయం గుర్తుచేస్తే నొచ్చుకోరని ఆశ. ఈ పట్టణం పలకల మీద బతికింది. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దారు. నోటు పుస్తకాలొచ్చి బడుల్లో పలక అవసరం తగ్గినప్పుడు ఎన్ని ఫ్యాక్టరీల షట్టర్లు దిగాయో, ఎన్ని ఇళ్లలో పొయ్యి కష్టమైందో పెద్దవాళ్లకు తెలుసు. ఒక్క సరుకును నమ్ముకోవడం ఎలాంటిదో తెలిసిన ఊళ్లో కుర్రాళ్ల ఆట ఒక్క మనిషిని నమ్ముకుని నడుస్తోంది.

ఇంకో ప్రమాదం ఆ కూలి రైడర్‌దే. అతని గురించి ఎవరూ మాట్లాడరు. లీగుల్లో ఆటగాళ్లకు మెత్తటి మ్యాట్, బూట్లు, పక్కనే ఫిజియో ఉంటారు. అంత ఏర్పాటులోనూ పవన్ మోకాలు పోయింది, దేశాయ్ గాయంతో సీజన్ పోగొట్టుకున్నాడు. మన బరిలో దున్నిన ఎర్రమట్టి, రాత్రి మంచు పడి పైపొర జారే నేల, చాలాసార్లు ఉత్త కాళ్లు. ఒక్క రాత్రిలో మూడు ఆటలు, ప్రతి ఆటలో సగానికి పైగా కూతలు ఒక్కడివే. పండగ రోజుల్లో ఇవాళ ఇక్కడ, రేపు ఇంకెక్కడో. మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం. మిగతా రోజుల్లో అతను పరంజా ఎక్కి సిమెంటు పని చేసుకునేవాడో, మూటలు మోసేవాడో అయి ఉంటాడు. మోకాలే అతని కూడు. రాత్రికి ఇంత అని ఇచ్చిన ఊరికి ఆ మోకాలితో సంబంధం ఉండదు. తన ఊరి జట్టులో ఆడలేదు కాబట్టి తన ఊరూ పట్టించుకోదు.

కబడ్డీ కమిటీల్లో ఉన్న పెద్దలకు మా విన్నపం ఇది. బయటి ప్లేయర్‌ను పూర్తిగా నిషేధించమని అనం. పిల్లలు ఒక మంచి రైడర్ పక్కన ఆడితే నేర్చుకుంటారు, అదీ నిజమే. కానీ ఆట మొత్తంలో కనీసం ముగ్గురు కూతకు వెళ్లాలని ఎంట్రీ ఫారం మీదే రాయండి. ఒక్కడే వరసగా వెళ్లడానికి హద్దు పెట్టండి. స్కోరు రాసే పుస్తకంలోనే ఎవరెన్ని కూతలకు వెళ్లారో గీతలు కొట్టడానికి ఒక మనిషి చాలు. పద్దెనిమిదేళ్ల లోపు కుర్రాళ్ల పోటీల్లో మాత్రం బయటివాళ్లను అసలు రానివ్వకండి. ఆ వయసులో కూతకు వెళ్లనివాడు తర్వాత వెళ్లడు. ప్రథమ బహుమతి దాతలు ఆ సొమ్ములో కొంత ఊరి బడి మైదానంలో ఏడాది పొడుగునా సాయంత్రం ఆటకు పెడితే, వచ్చే సంక్రాంతికి కొనుక్కొచ్చే అవసరం తగ్గుతుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులున్నారు. వాళ్లను పోటీల రోజు రిఫరీలుగా పిలిచి శాలువా కప్పి పంపకుండా, జట్టు కట్టే పనిలోనే కలుపుకోండి. రాత్రి పోటీ పెట్టే ప్రతి కమిటీ గాయాలు చూడగలిగిన ఒక మనిషిని, ఒక బండిని బరి పక్కన ఉంచాలి. దెబ్బ తిన్నవాణ్ణి మళ్లీ దించనని మైకులో చెప్పాలి, చెప్పిన మాట మీద నిలబడాలి.

ఊరి కుర్రాళ్లకూ ఒక మాట. బెంచీ మీద కూర్చున్నవాడు వచ్చేదాకా కాలం గడపడం ఆటలో ఒక ఎత్తే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అదే ఆటంతా అయినప్పుడు మీ కాళ్లలో ఉన్న పని మీకు తెలియకుండానే పోతుంది. మూడేళ్ల కిందట ఎడమ పక్క నుంచి కాలు చాపి తాకిన కుర్రాడు ఆ రాత్రి బరిలోనే ఉన్నాడు. అతని వంతు వచ్చింది. అతను తల దించుకున్నాడు.

ఫైనల్ అయిపోయి బహుమతులు ఇచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. ద్వితీయ బహుమతి అందుకోవడానికి ఆరుగురూ ట్రక్కు ఎక్కారు. బయటి ప్లేయర్ కిందే ఉండిపోయాడు. తువ్వాల్లో ఐసు కరిగి ప్యాంటు తడిసింది. కమిటీ మనిషి ఒకాయన వచ్చి మాట్లాడుకున్న డబ్బు ఇచ్చాడు, రెండు నోట్లు ఎక్కువే ఇచ్చాడు, ఆసుపత్రికి పొమ్మన్నాడు. అతను తలూపాడు. బైకు తెచ్చిన స్నేహితుడి భుజం పట్టుకుని, ఎడమ కాలి మీద బరువేసి మెల్లగా ఎక్కాడు. ఒంగోలు పోతారా, మార్కాపురంలోనే చూపిస్తారా అని మేం అడిగాం.

"రేపు కంభం పక్కన ఇంకో ఊళ్లో ఆటుందన్నా" అన్నాడు. "మాటిచ్చినా."